రెండడుగుల ఆలస్యం

దొంగలనూ హంతకులనూ ఊరేగించే బండి అది. తోలేవాడు ఒక మరుగుజ్జు. ఎదురుగా వస్తున్న రౌతుకు గుర్రం లేదు. పరుగెత్తించీ పరుగెత్తించీ చంపేసుకున్నాడు. ఒంటి మీద ఇనుప కవచం, కాలినడక. రాణిని ఎవడో ఎత్తుకుపోయాడు, ఆమె జాడ తెలియాలి. బండెక్కితే రేపటికల్లా తెలుస్తుందంటాడు మరుగుజ్జు. ఎక్కినవాడికి మాత్రం ఇక పరువుండదు, పలకరించే మనిషుండడు. వివేకం వద్దంది. ప్రేమ ఎక్కమంది. రెండడుగులు వేసేంతసేపు తటపటాయించాడు. ఆ తరవాత ఎక్కేశాడు.

అక్కణ్ణుంచి అతను పడని పాటు లేదు. కత్తి అంచులాంటి వంతెన మీద చేతులూ కాళ్లూ కోసుకుపోతుంటే పాకుతూ దాటాడు. నెత్తురోడుతున్న ఒంటితోనే శత్రువుతో తలపడ్డాడు. తీరా రాణి ముందు నిలబడితే ఆవిడ మొహం తిప్పుకుంది. ఎందుకో తరవాతెప్పుడో చెప్పింది: బండెక్కడానికి రెండడుగులు ఆలస్యం చేశాడట!

'బండెక్కిన రౌతు' కథ ఇది. రౌతు లాన్సెలాట్, రాణి గ్వినెవీర్, ఆవిడ భర్త ఆర్థర్ మహారాజు. రాసినవాడు క్రెటియన్ ద ట్రువా, ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు కవి, 1180కి అటూ ఇటూగా. ఆడమాటకు కట్టుబడేవాడు, అన్నమాట కోసం ప్రాణాలొడ్డేవాడు అని మనం బొమ్మల పుస్తకాల్లోనూ సినిమాల్లోనూ చూసే 'నైట్' చాలామటుకు ఇతని చేతిలో రూపు దిద్దుకున్నవాడే. కత్తి వంతెన లాంటివి ఏ జానపద కథలో వెతికినా దొరుకుతాయి. అంతటి సాహసాన్ని రెండడుగుల తటపటాయింపుతో తూచిన కవి మాత్రం నాకు తెలిసి ఇంకొకడు లేడు.

నిజం రౌతులు ఎలా ఉండేవారో కూడా చూడాలి. 'నైట్' మాటకు పాత ఇంగ్లీషులో అర్థం కుర్రాడు, పనివాడు. ఫ్రెంచివాళ్ల 'షెవాలియే' అంటే గుర్రమెక్కేవాడు, అంతే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. వీళ్లలో మెత్తనివాళ్లు తక్కువ. టోర్నమెంటు అనగానే మనకు ఇద్దరు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా దూసుకురావడం గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో అది రెండు గుంపులు ఊళ్ల మధ్య పొలాలన్నీ తొక్కేస్తూ సాగించే కుమ్ములాట. పట్టుబడ్డవాడు గుర్రాన్నీ కవచాన్నీ వదులుకుని, పైగా సొమ్ము చెల్లించి బయటపడాలి. ఇంగ్లండులో నిజంగా బతికి 1219లో పోయిన విలియం మార్షల్ అనే రౌతు మీద ఒక పద్య జీవితచరిత్ర ఉంది. అతను తోటి రౌతుతో పొత్తు కలిసి పది నెలల్లో 103 మందిని పట్టుకున్నాడని అందులో పద్దు రాసినట్టు చెబుతారు. 1130లోనే చర్చి పెద్దలు క్లేర్మాంట్ సభలో ఈ ఆటను నిషేధించారు. ఎవరూ చెవిన పెట్టలేదు. వ్యాపారం అలాంటిది మరి.

ఆర్థర్ సంగతి ఇంకా తమాషా. 830 ప్రాంతంలో రాసిన 'బ్రిటన్ల చరిత్ర' అనే లాటిన్ గ్రంథంలో అతను పన్నెండు యుద్ధాలు గెలిచిన సేనాని, రాజు కూడా కాదు. మూడు వందల ఏళ్ల తరవాత, 1130ల చివర్లో, జెఫ్రీ ఆఫ్ మాన్‌మత్ అనే పండితుడు అతనికి పుట్టుక, పట్టాభిషేకం, దిగ్విజయ యాత్ర అన్నీ సమకూర్చాడు. తాను అనువదించిందల్లా బ్రిటన్ల భాషలోని ఒక ప్రాచీన గ్రంథాన్నేనన్నాడు. ఆ గ్రంథాన్ని మాత్రం ఈనాటిదాకా ఎవరూ చూడలేదు. 1155లో వేస్ అనే కవి జెఫ్రీ పుస్తకాన్నే ఫ్రెంచి పద్యాల్లోకి తెచ్చాడు. నువ్వు ముందా నేను ముందా అని సామంతులు తగువులాడకుండా రాజు గుండ్రబల్ల వేయించాడన్న ముక్క మొదట కనిపించేది అందులోనే. ఈ వేస్ ఒకసారి బ్రొసెలియాండ్ అడవిలో వింతలున్నాయని విని చూడబోయాడు. ఏమీ కనపడక, వెర్రివాడిగా వెళ్లి వెర్రివాడిగానే తిరిగొచ్చానని నిజాయితీగా రాసుకున్నాడు. ఆ అడవిలో ఒక ఊట ఉందనీ, పక్కనున్న రాతి మీద ఆ నీళ్లు చల్లితే వాన కురుస్తుందనీ ప్రతీతి. క్రెటియన్ తన 'సింహం తోడున్న రౌతు' కథను అక్కడే మొదలెట్టాడు. వేస్‌కు దక్కని వాన ఇతని పద్యంలో పిడుగులతో సహా కురిసింది.

లాటిన్‌లో ఉన్నదాన్ని జనం భాషలోకి తేవడాన్ని అప్పటి ఫ్రెంచివాళ్లు 'రొమాన్‌లో పెట్టడం' అనేవారు. మనం 'తెనిగించడం' అన్నట్టే. భాష పేరే రానురాను ఆ భాషలో రాసిన కథకు పేరైంది. ఇవాళ ఫ్రెంచిలో నవలను 'రొమాన్' అనే అంటారు. ఇంగ్లీషువాళ్ల 'రొమాన్స్' కూడా ఆ ఇంటి బిడ్డే.

ఈ పనికి క్రెటియన్ దగ్గర మూడు మాటలుండేవి. దొరికిన కథ 'మతియేర్', అంటే సరుకు. దానికి ఇచ్చే భావం 'సాన్'. ముక్కల్ని అతికే నేర్పు 'కొంజ్వాంత్యూర్', అంటే అల్లిక. రాజుల కొలువుల్లో కథలు చెప్పి పొట్టపోసుకునేవాళ్లు కథను ముక్కచెక్కలు చేస్తున్నారని తన మొదటి కావ్యం మొదట్లోనే ఎత్తిపొడిచి, తనది మాత్రం అందమైన అల్లిక అని చెప్పుకున్నాడు. 'బండెక్కిన రౌతు'లో మాత్రం స్వరం తగ్గించాడు: సరుకూ భావమూ షాంపేన్ ప్రభువు భార్య మేరీ ఇచ్చినవి, శ్రమ ఒక్కటే తనది అన్నాడు. అది వినయమో, పరాయి భార్యతో ప్రేమాయణం రాయవలసి వచ్చిందన్న ఇబ్బందో పండితులు ఇంకా తేల్చుకోలేదు. చివరి భాగాన్ని అతను రాయలేదు. గోడ్‌ఫ్రువా ద లెన్యి అనే మరొకరు పూర్తిచేశారు.

పద్యం ఎనిమిది అక్షరాల పాదాల జంట. మన ద్విపదలో ప్రాస రెండో అక్షరానికి, వాళ్లకు పాదం చివర. అంతకుముందు కవులు ఎక్కువగా వాక్యాన్నీ జంటనూ కలిపే ముగించేవారు. క్రెటియన్ తరచుగా జంటలోని మొదటి పాదంతోనే వాక్యాన్ని ఆపేస్తాడు. ప్రాస ఇంకా తీరలేదు కాబట్టి వినేవాడు లేచి వెళ్లలేడు, రెండో పాదం కోసం ఆగాలి. అది వచ్చేసరికి కొత్త వాక్యం మొదలైపోయి ఉంటుంది.

అంతకుముందు తరం వీరగాథతో పోలిస్తే ఇతను చేసిన మార్పు తెలుస్తుంది. 778లో పిరనీస్ కొండల్లో బాస్క్ జాతివాళ్లు ఫ్రాంకుల సేన వెనుక భాగాన్ని దెబ్బతీశారు. 'రోలాండ్ గీతం'లో బాస్క్‌లు మాయమై, అది ముస్లిం సేనలతో మహాసంగ్రామమైపోయింది. సాయం కోసం కొమ్ము ఊదమని స్నేహితుడు ఆలివర్ బతిమాలతాడు. రోలాండ్ పరువు తక్కువంటాడు. ఊదేసరికి సేనంతా పోయింది. అక్కడ రెండు వాదాలకు ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. క్రెటియన్ ఆ ఇద్దరినీ ఒకే మనిషి గుండెలో కూర్చోబెట్టాడు. బండి ముందు లాన్సెలాట్‌తో వివేకమూ ప్రేమా వాదులాడుకున్నది అందుకే.

పేరు దాచడం ఇతనికి ఇష్టమైన ఇంకో ఎత్తు. కథ సగానికి వచ్చేదాకా ఆ రౌతు ఎవరో మనకు చెప్పడు. 'బండెక్కినవాడు' అని ఊరంతా వెక్కిరించడమే వింటాం. పోరు మధ్యలో ఒక అమ్మాయి అడిగితే రాణి నోటి నుంచి లాన్సెలాట్ అన్న పేరు మొదటిసారి బయటికొస్తుంది. తరవాత ఒక టోర్నమెంటులో అతను మారువేషంతో దిగితే, చేతనైనంత చెత్తగా పోరాడమని ఆమె కబురు పంపుతుంది. అతను రోజంతా పిరికివాడిలా తప్పుకు తిరుగుతాడు. జనం నవ్వుతారు. మర్నాడు, మళ్లీ ఆమె ఆజ్ఞ మీదే, మైదానం ఊడ్చేస్తాడు. మార్షల్ లాంటివాడు ఈ ఘట్టం వింటే ఆ మొదటి రోజు నష్టమెంతో లెక్కగట్టి ఉండేవాడు.

క్రెటియన్ మరో కావ్యం 'పెర్సివల్'లో ఇదే ఎత్తు ఇంకా లోతుకు వెళుతుంది. అడవిలో తల్లి ఒక్కతే పెంచిన కుర్రాడు కవచాలు మెరిసే రౌతుల్ని చూసి దేవదూతలనుకుంటాడు. అతనికి విద్య నేర్పిన పెద్దాయన, ఎక్కువ మాట్లాడకు అని బుద్ధి చెబుతాడు. కుర్రాడు బుద్ధిగా పాటించాడు, అదే కొంప ముంచింది. ఒక కోటలో భోజనాల వేళ నెత్తురు కారే ఈటె ఒకటి, వెలుగులు చిమ్మే 'గ్రాల్' అనే వెడల్పాటి పళ్లెం ఒకటి కళ్ల ముందు నుంచి వెళుతుంటే, అదేమిటో, ఎవరికోసమో అడగాలని ఉండీ నోరు మెదపలేదు. అడిగి ఉంటే గాయపడ్డ ఆ కోట రాజు కోలుకునేవాడు. తన పేరేమిటో కూడా అప్పటిదాకా తెలియని పెర్సివల్‌కు, ఆ తప్పు చేశాకే పేరు తోస్తుంది. ఆ కావ్యం తొమ్మిది వేల పైచిలుకు పాదాల దగ్గర అర్ధాంతరంగా ఆగిపోయింది. ఖాళీ వదిలితే తరవాతివాళ్లు ఊరుకుంటారా? రాబర్ట్ ద బొరాన్ ఆ పళ్లేన్ని యేసు చివరి విందు నాటి పాత్రను చేశాడు. జర్మను కవి వుల్ఫ్రామ్ దాన్ని రాయిని చేశాడు.

1215 తరవాత ఈ కథలన్నీ గద్యంలో ఒక మహాగ్రంథమాలగా పెరిగాయి. అక్కడి కీలకం జడ అల్లిక. లాన్సెలాట్ కథ ఒక చిక్కులో ఉండగా వదిలేసి గవేన్ అనే రౌతు దగ్గరకు వెళ్లడం, అతన్నీ దారిలో వదిలి మూడో రౌతును అందుకోవడం, వందల పేజీల తరవాత మొదటి పాయ కొస మళ్లీ చేతికి దొరకడం. 'అక్కడ అలా ఉండగా' అని మన కథకులు అన్నట్టే వీళ్లూ ప్రతి మలుపులో ఒక మాట అని పాయ మారుస్తారు. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల జుట్టే తప్ప జడ కనపడదు. సర్ థామస్ మాలరీ ఆ పాయల్ని విప్పి, దువ్వి, ఇంగ్లీషులో కుదించాడు. చెరసాలలో ఉండి 1469–70లో పూర్తిచేసిన ఆ పుస్తకాన్ని 1485లో కాక్స్టన్ అచ్చువేశాడు. దాని చేతిరాత ప్రతి 1934లో వించెస్టర్ కళాశాలలో బయటపడింది. అదే ఊళ్లో గోడకు వేలాడుతున్న పెద్ద గుండ్రబల్ల మాత్రం ఆర్థర్‌ది కాదు, 13వ శతాబ్దపు కలపది. అప్పటికే కథను చూసి రాజులు వేషాలు కడుతున్నారు.

చిన్న తప్పుతో పెద్ద వీరుణ్ణి కొలిచే క్రెటియన్ పద్ధతికి అసలైన వారసుడు 14వ శతాబ్దం చివరి ఇంగ్లీషు కావ్యం 'సర్ గవేన్, ఆకుపచ్చ వీరుడు'. రాసిందెవరో తెలియదు. ఉన్నది ఒక్కటే ప్రతి, 1731లో కాటన్ గ్రంథాలయం తగలబడినప్పుడు మంటల నుంచి తప్పించుకుంది. ప్రాణభయంతో గవేన్ ఒక పచ్చ నడికట్టును దాచుకుంటాడు. అందుకు శిక్ష మెడ మీద చిన్న గాటు. అతను సిగ్గుతో కుమిలిపోతుంటే కొలువంతా నవ్వి, తామూ పచ్చ పట్టీలు కట్టుకుంటుంది.

ఈ కథలన్నీ దొరల వినోదమే కదా అనేవాళ్లకు నేను 'సింహం తోడున్న రౌతు'లోని ఒక కోట చూపిస్తాను. ఆ రౌతు యివేన్ లోపలికి వెళితే కంచె వెనక మూడు వందల మంది ఆడపిల్లలు పట్టుబట్టల మీద బంగారు తీగతో కుట్టుపని చేస్తుంటారు. ఒంటి మీద చిరుగులు, కళ్లల్లో ఆకలి. ఒక్కో పౌను విలువైన పనికి తమ చేతికొచ్చేది నాలుగు దెనియేలని వాళ్లలో ఒకతె లెక్క చెబుతుంది. పౌనుకు 240 దెనియేలు, అంటే అరవయ్యో వంతు. వాళ్లను విడిపించేది యివేనే, కానీ అది మర్నాటి మాట. ముందు అతను ఆ లెక్క విని తోటలోకి నడుస్తాడు. అక్కడ ఆ కోట యజమాని పట్టుగుడ్డ పరుచుకుని మోచేతి మీద వాలి ఉంటాడు, పక్కన భార్య. పదహారు పదిహేడేళ్లు నిండని కూతురు వాళ్లకు ఒక రొమాన్ చదివి వినిపిస్తోంది. ఆ కథ ఎవరి గురించో తనకు తెలియదంటాడు క్రెటియన్.