తప్పెట కట్టుకున్న డేవిడ్ బర్న్

కూర్మన్నపాలెంలో నైట్ షిఫ్ట్ అయ్యాక ‘అమెరికన్ యుటోపియా’ రెండోసారి చూశాను. డేవిడ్ బర్న్ బ్రాడ్‌వే ప్రదర్శనని స్పైక్ లీ 2020లో సినిమాగా తీశాడు. తనది ఆటిజం స్పెక్ట్రమ్‌లోని మనసేనని బర్న్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. నలుగురిలో కలవలేనివాడికి పాటే మాటయింది.

మెదడు బొమ్మ చేత్తో పట్టుకుని ఒంటరిగా మొదలుపెడతాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు. బూడిదరంగు సూట్లు, ఉత్త కాళ్ళు. వేదిక మీద వైర్లు కనపడవు. వాయిద్యాలు ఒంటికి కట్టుకుని, వాయిస్తూనే ఆడతారు. మనకిదేం కొత్త? రేకు తప్పెట గుండెకి కట్టుకుని గెంతే ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళు చూసినవాళ్ళమే కదా! అక్కడా వాయించేవాడే ఆడేవాడు.

నా పేచీ ఒకటుంది. అందరికీ ఒకే సూటు, ఆనీ-బి పార్సన్ కొరియోగ్రఫీలో గీత గీసినట్టు అడుగులు. రకరకాల మనుషులు కలిసి బతకడం గురించిన షోకి ఇంత క్రమశిక్షణ ఎందుకని మొదటిసారి చిరాకేసింది. ఈసారి ఇంకోలా తోచింది. అడుగు ఎక్కడ పడాలో ముందే తెలిస్తే, ఎదుటివాళ్ళ మనసు పట్టుకోలేనివాడికి బెరుకు తగ్గుతుంది. బర్న్ బిర్రబిగిసిన కదలికల్ని ఎవరూ సరిచెయ్యరు, మిగతావాళ్ళే వాటితో కలిసి కదులుతారు. ‘బాగుపడటం’ అంటే అందరిలా మారడమే అనుకునే మనకి ఇది చిన్న విషయం కాదు.

పెళ్ళి సంగీత్‌లో గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు తప్పక చూడండి.