షేక్‌పేట తోటమాలి చేతిలో గులాబీ

హైదరాబాద్‌లోని షేక్‌పేట సరాయి చుట్టుపక్కల పాత ఇళ్ల ఆవరణల్లో నాటు గులాబీలు పెంచే తోటమాలి పనంటే నాకు గొప్ప గౌరవం. 1867లో వచ్చిన ‘లా ఫ్రాన్స్’తో హైబ్రిడ్ టీ గులాబీల కాలం మొదలైంది, అంతకు ముందటి రకాలే ఇప్పుడు వారసత్వ గులాబీలు. దక్షిణాదిన స్థిరపడిన ఎడ్వర్డ్ గులాబీ ఆ తరానిదే. రీయూనియన్ దీవిలో పుట్టిన బూర్బన్ జాతి అది. వాసన ఎంత చిక్కనో!

షేక్‌పేట రాతినేలలో గొయ్యి తీయడమే సగం పని. గడ్డపారతో పెళ్లగించి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపుతారు.

అసలు పనితనం మొగ్గ అంటులో ఉంది. వేరుమొక్క బెరడు మీద ‘టి’ ఆకారంలో గాటు పెట్టి, కొమ్మ నుంచి కాస్త బెరడుతో కోసిన కన్నును తోటమాలి అందులోకి జారుస్తాడు. కన్ను బయటికి కనబడేలా ప్లాస్టిక్ పట్టీ బిగిస్తాడు. కత్తి లోపలి కట్టెలోకి దిగకూడదు, కోసిన కన్ను ఆరకూడదు. ఆ వేళ్ల నేర్పు చూసి తీరాలి! మూడు వారాలకీ కన్ను పచ్చగా ఉంటే అతుక్కున్నట్టే. తర్వాత అడుగు నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు తుంచాలి. వదిలేస్తే వేరుమొక్కే మిగులుతుంది.

ఫిల్మ్‌నగర్ బంగళాల్లో చాలామంది రంగు చూసి మొక్క ఎంచుకుంటారు. వాసన కోసం పాత రకాన్నే పట్టుబట్టి నాటించే తోటమాలిని నేను కళాకారుడనే అంటాను.