సుబ్బారావు నీలిరంగు: కిడ్నీ రిపోర్టు వెనకున్న పనితనం

‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో, 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా, 1925లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి దాని విషయం. రాసినవారు ఇద్దరు: హార్వర్డ్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పే సైరస్ ఫిస్క్, ఆయన దగ్గర పనిచేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన సుబ్బారావుకు అప్పటికి ముప్పై ఏళ్లు. చేతిలో పీహెచ్‌డీ పట్టా కూడా లేదు. అది 1930లో వచ్చింది. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్‌ల వెనకున్న పరిశోధకుడిగా ఆయన్ని మనం తలుచుకుంటాం. ఆ కీర్తి న్యాయమైనదే. కానీ ఆయన పనితనం ఎలాంటిదో తెలియాలంటే ముందుగా పరిచయం చేసుకోవలసింది ఈ ఇరవయ్యారు పేజీలతోనే.

హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్‌లో కూర్చుని ఈ పాత పత్రం గురించి రాయడానికి గట్టి కారణమే ఉంది. ఉప్పల్ డిపో నుంచి బోడుప్పల్ లోపలి కాలనీల దాకా, అటు నాచారం వైపు కూడా, రక్తపరీక్షల కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. షుగరో బీపీయో ఉన్నవాళ్లు పొద్దున్నే పరగడుపున వచ్చి రక్తమిచ్చి పోతుంటారు. సాయంత్రానికి చేతికొచ్చే, కిడ్నీ పనితీరు చెప్పే ‘ఆర్‌ఎఫ్‌టీ’ కాగితంలో యూరియా, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, కాల్షియం, ఫాస్పరస్ అని వరుసలుంటాయి. అందరి చూపూ క్రియాటినిన్ మీదకే పోతుంది. ఫాస్పరస్, అంటే భాస్వరం, వరుసను పట్టించుకునేవాళ్లు అరుదు. ఈ రెండు వరుసల వెనకా ఒకే తెలుగువాడి పని ఉందని తెలిస్తే ఆ కాగితాన్ని చదివే తీరే మారుతుంది.

ముందు పద్ధతి సంగతి. రక్తంలో ఫాస్ఫేట్ రూపంలోని భాస్వరం చాలా తక్కువ. పెద్దవాళ్లలో నూరు మిల్లీలీటర్ల సీరంలో ఉండే భాస్వరం రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాములు. అంత చిన్న మొత్తాన్ని తూకం వేసి చెప్పడం కుదిరే పని కాదు. అందుకే రంగును ఆశ్రయించారు. ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిస్తే ఫాస్ఫేట్ ఒక పసుపు సమ్మేళనంగా మారుతుంది. దానికి ఎలక్ట్రాన్లనిచ్చే పదార్థమేదైనా చేరిస్తే ముదురు నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఇది సుబ్బారావు కనిపెట్టిన రసాయనం కాదు. 1920లో బెల్, డోయిసీ ఇదే దారిలో హైడ్రోక్వినోన్ వాడి ఒక పద్ధతి చెప్పారు. అయితే వాళ్ల రంగు నిలిచేది కాదు. 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించాడు. రంగు నిలిచింది గానీ, రావడానికి చాలాసేపు పట్టేది.

ఫిస్క్, సుబ్బారావుల నేర్పంతా ఇక్కడే కనిపిస్తుంది. హైడ్రోక్వినోన్ బదులు వాళ్లు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ యాసిడ్ అనే పదార్థాన్ని ఎంచుకున్నారు. పావు శాతం ద్రావణంగా, సల్ఫైట్‌తో కలిపి వాడారు. ఆ ఎంపిక వెనక ఆలోచన ఉంది. కలిపే పదార్థం ఫాస్ఫేట్‌తో జతకట్టిన మాలిబ్డేట్‌ను మాత్రమే నీలంగా మార్చాలి, ఒంటరిగా ఉన్న మాలిబ్డేట్ జోలికి పోకూడదు. ఆమ్లం తగ్గితే భాస్వరం లేకున్నా నీలం వచ్చేస్తుంది. ఆమ్లం మితిమీరితే ఉన్న భాస్వరానికీ రంగు సరిగా రాదు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని దారిని వాళ్లు వెతికి పట్టుకున్నారు. రక్తంలోని ప్రోటీన్లను ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌తో విరగ్గొట్టి, వడగట్టి, తేటలో రెండున్నర శాతం మాలిబ్డేట్, ఆ తర్వాత రంగు తెచ్చే ద్రావణం కలిపితే ఐదు నిమిషాల్లో నీలం తేలుతుంది. పక్కన 0.4 మిల్లీగ్రాముల భాస్వరంతో చేసుకున్న ప్రమాణ ద్రావణం ఉంటుంది. కలరీమీటర్‌లో కన్ను పెట్టి రెండు నీలాలనూ సరిపోల్చి లెక్క కట్టాలి.

చెప్పుకోవడానికి ఇది చిన్న మార్పులాగే కనిపిస్తుంది. కానీ ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు దీని విలువ తెలుసు. రంగు త్వరగా రావాలి, వచ్చాక నిలవాలి, పక్కనున్న పదార్థాలు దాన్ని చెడగొట్టకూడదు, ఎవరు చేసినా ఒకే లెక్క రావాలి. ఈ నాలుగు గుణాలూ ఒకే పద్ధతిలో కుదిరాయి కాబట్టే జీవరసాయన శాస్త్రంలో ఎక్కువగా ఉదహరించే పత్రాల్లో ఇది ఒకటైంది. 1959లో బార్ట్‌లెట్ దీన్నే మలుచుకుని చెప్పిన పద్ధతి కొవ్వుల్లోని భాస్వరాన్ని కొలవడానికి వాడుకలోకి వచ్చింది. మన కాలేజీల్లో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ అని నేటికీ ప్రాక్టికల్ రికార్డులో రాసుకుంటున్నారు.

పద్ధతి మీద అంత నమ్మకం ఉండబట్టే తర్వాతి ఆవిష్కరణ సాధ్యమైంది. కండరం నుంచి తీసిన తేటలో ఇదే పరీక్ష చేస్తే నీలం ఐదు నిమిషాల్లో ఆగలేదు, చాలాసేపు ముదురుతూనే పోయింది. మరొకరైతే ద్రావణం చెడిందనుకుని పారబోసేవారు. తమ పద్ధతి తప్పు చెప్పదని తెలిసిన ఈ ఇద్దరూ తప్పు రంగులో లేదని, కండరంలోనే తెలియని పదార్థమేదో ఉందని గ్రహించారు. ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉన్న ఆ పదార్థం పరీక్షలోని ఆమ్లానికి మెల్లగా విడిపోతోంది. విడిపోయిన ప్రతి ఫాస్ఫేట్‌కూ ఒక క్రియాటిన్ చొప్పున లెక్క సరిపోయింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఈ సంగతి 1927లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. 1929లో అదే పత్రికలో, కండరం నుంచీ కాలేయం నుంచీ తాము వేరుచేసిన, కణాలకు శక్తినందించే ఏటీపీ గురించి చెప్పారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడు. కండరం పనిచేసేటప్పుడు ఏటీపీ ఖర్చవుతుంటే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను దానికి చేబదులుగా ఇస్తుంది, విశ్రాంతి దొరికినప్పుడు తిరిగి రాబట్టుకుంటుంది.

ఇక్కడి నుంచి దారి నేరుగా కిడ్నీకి వెళ్తుంది. కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో రోజుకు నూటికి రెండు వంతుల దాకా తమంతట తామే క్రియాటినిన్‌గా మారతాయి. శరీరానికి దానితో పనిలేదు, కిడ్నీలు వడగట్టి పంపేస్తాయి. కండ మారనంతకాలం క్రియాటినిన్ తయారీ దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి రక్తంలో అది పెరిగితే వడపోత తగ్గిందని అర్థం. కండలు తిరిగిన కూలీకీ, బక్కచిక్కిన ముసలమ్మకూ ఒకే అంకె వస్తే అర్థం ఒకటి కాకపోవడానికి కారణం కూడా ఇదే. అందుకే వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుని ‘ఈజీఎఫ్‌ఆర్’ అనే వడపోత అంచనా కడతారు.

ఏటీపీ లేకుండా కిడ్నీ పని లేదు. శరీర బరువులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ జంట అవయవాలకు గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వెళ్తుంది. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుని, ఒకటిన్నర లీటరు మాత్రం వదులుతాయి. వడగట్టిన ఆ ద్రవంలో సుమారు 180 గ్రాముల గ్లూకోజు కూడా ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో అదంతా వెనక్కి వస్తుంది. సోడియాన్ని తోడే పంపులు ఏటీపీ ఖర్చు చేసి నడుస్తుంటే, ఆ సోడియం వెంట గ్లూకోజును లాక్కొచ్చే పనిలో తొంభై శాతం ఎస్‌జీఎల్‌టీ2 అనే వాహకానిదే. షుగరున్నవాళ్లలో కిడ్నీ ఇంకా ఎక్కువ చక్కెరను వెనక్కి లాక్కుంటుంది. ఈ వాహకాన్ని అడ్డుకునే మందులు షుగర్ కోసమే వచ్చినా, షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తాయని 2020లో వెలువడిన డాపా-సీకేడీ పరిశోధన చూపింది.

ఇక హార్మోన్లు. కిడ్నీ వడపోతతోనే ఆగదు. రక్తపోటును నడిపే రెనిన్, ఎర్రకణాలను పుట్టించే ఎరిత్రోపొయిటిన్ అక్కడి నుంచే వస్తాయి. విటమిన్-డి అసలైన పనిచేసే రూపం తీసుకునేది కూడా కిడ్నీలోనే అని 1970లో ఫ్రేజర్, కోడిసెక్ చూపారు. ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని రక్తం నుంచి తొలగించేది కూడా కిడ్నీయే. అందుకే కిడ్నీ బాగా దెబ్బతిన్నాక కొందరికి ఇన్సులిన్ డోసు తగ్గించాల్సి వస్తుంది. షుగర్ నయమైపోయిందని ఇంట్లోవాళ్లు సంతోషించే ఆ దశలోనే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

ఫాస్పరస్ వరుసలో ఈ కథంతా దాగి ఉంది. తిండితో వచ్చే భాస్వరంలో మిగులును బయటికి పంపేది కిడ్నీ. ఎంత పంపాలో చెప్పే హార్మోన్లు ప్రధానంగా రెండు: మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి వచ్చే పీటీహెచ్, ఎముక కణాల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్23. కిడ్నీ బలహీనపడగానే ముందు ఎఫ్‌జీఎఫ్23 పెరుగుతుంది. దానివల్ల విటమిన్-డి క్రియాశీల రూపం తగ్గుతుంది, ఆపైన పీటీహెచ్ పెరిగి ఎముకల్లోని కాల్షియాన్ని లాగుతుంది. ఇంత జరుగుతున్నా చాలాకాలం రిపోర్టులో ఫాస్పరస్ నార్మల్‌గానే ఉంటుంది. ఆ నార్మల్‌ను నిలబెట్టడానికి హార్మోన్లు పడుతున్న శ్రమ ఆ కాగితంలో కనిపించదు. అంకె పెరిగేసరికి కిడ్నీ పని చాలావరకు తగ్గిపోయి ఉంటుంది, రక్తనాళాలు కూడా గట్టిపడుతూ ఉంటాయి.

నేటి యంత్రాల్లో చాలావాటికి నీలిరంగు దాకా పోవాల్సిన అవసరం లేదు. ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసిన దశలోనే అతినీలలోహిత కాంతితో కొలిచేస్తాయి. అయినా పునాది అదే రసాయనం. చిన్న మొత్తాన్ని నిక్కచ్చిగా కొలవగలిగిన రోజునే శరీరం లోపలి ఖర్చూ జమా బయటపడ్డాయి. కిడ్నీ, హార్మోన్లు, శక్తి వేర్వేరు శాఖలు కావని, ఒకే ఖాతాలో నడుస్తాయని తెలియడానికి అలాంటి కొలతలే దారి చూపాయి. సుబ్బారావు గొప్పతనం మందుల జాబితాతో తీరిపోదు. వింతగా ప్రవర్తించిన రంగును పారబోయకుండా నిలబడి చూసిన ఓపికలో అది ఉంది.

హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ప్రాంతం మనది. ఇక్కడి పిల్లలకు ఈ 1925 నాటి పత్రాన్ని పాఠంగా చెప్పాలి. పెద్దలకు నా మాట ఒకటే: షుగర్ గానీ బీపీ గానీ ఉంటే ఏడాదికొకసారి క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించుకోండి. కిడ్నీ జబ్బు ఉందని తేలితే ఫాస్పరస్, పీటీహెచ్, విటమిన్-డిల గురించి డాక్టర్‌ను అడగండి. కాళ్లవాపు వచ్చేదాకా ఆగకండి.