అభిజ్ఞానం ఎవరి కోసం? : రెబెకా వెస్ట్ నవలలో సైనికుని విస్మృతి, చికిత్స

రెబెకా వెస్ట్ తొలి నవల ‘ది రిటర్న్ ఆఫ్ ది సోల్జర్’ 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగియకముందే వెలువడింది. యుద్ధనవలల కోవలో చేర్చదగిన ఈ కృతిలో యుద్ధరంగం కనిపించదు. ఒక సంపన్న గృహం, ముగ్గురు స్త్రీలు, జ్ఞాపకం కోల్పోయి తిరిగివచ్చిన ఒక సైనికాధికారి - ఇంతే దీని వస్తువు. దీన్ని ముక్కోణపు ప్రేమకథగానో, మనోవిశ్లేషణ సిద్ధాంతం ఆంగ్ల నవలలో అడుగుపెట్టిన తొలి సందర్భాల్లో ఒకటిగానో చదవడం పరిపాటి. ఈ రెండు పఠనాలూ నవల ముగింపును రోగవిముక్తిగా అంగీకరించిన తరువాతే మొదలవుతాయి. ఆ అంగీకారమే సందేహించదగినది. జ్ఞాపకం తిరిగిరావడం వేరు, చీలిన మనస్సు అతకడం వేరు. ఈ భేదాన్ని నవలలోని పాత్రలు విస్మరిస్తాయి, నవల విస్మరించదు.

కథాకాలం 1916. క్రిస్ బాల్డ్రీకి 36 ఏళ్లు. షెల్‌షాక్‌తో అతని జీవితంలోని చివరి 15 సంవత్సరాలు మనస్సులోంచి తుడిచిపెట్టుకుపోయాయి. భార్య కిట్టీ అతనికి అపరిచిత. పసితనంలోనే చనిపోయిన కొడుకు ఆలివర్ అతని మటుకు పుట్టనే లేదు. తనకు 21 ఏళ్లనీ, థేమ్స్ నది మధ్య మంకీ ఐలండ్‌లో సత్రం నడిపేవాని కూతురు మార్గరెట్ తన ప్రేయసి అనీ అతని విశ్వాసం. మార్గరెట్ ఇప్పుడు వేరొకరి ఇల్లాలు. పేదరికంలో వడలిపోయిన మధ్యవయస్కురాలు. అయినా ఆమె సన్నిధిలోనే అతనికి శాంతి. ఈ కథనంతా చెప్పేది ఆ ఇంట్లోనే ఉంటున్న బంధువు జెన్నీ. చివరకు గిల్బర్ట్ ఆండర్సన్ అనే వైద్యుడు వస్తాడు. చనిపోయిన పిల్లవాని వస్తువు చూపితే జ్ఞాపకం మేలుకొంటుందని మార్గరెటే సూచించి, ఆలివర్ జెర్సీనీ బంతినీ తానే తీసుకువెళ్లి చూపిస్తుంది. క్రిస్‌కు గతం గుర్తువస్తుంది.

ఈ కథ గాలిలోంచి పుట్టినది కాదు. చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 1915లో ‘లాన్సెట్’ పత్రికలో షెల్‌షాక్ అన్న మాటతో మూడు ఉదాహరణలను వివరించాడు. జ్ఞాపకశక్తి, చూపు, వాసన, రుచి దెబ్బతిన్న సైనికులు వారు. దేహానికి తగిన గాయం లేకుండానే ఇంద్రియాలూ స్మృతీ పనిమానడాన్ని వివరించడానికి అక్కరకు వచ్చిన భావన డిసోసియేషన్. ఫ్రెంచి మనస్తత్వవేత్త పియెర్ జానే 1889 నాటికే దీన్ని విస్తరించి చర్చించాడు. దీన్ని ఇక్కడ ‘విఘటనం’ అంటున్నాను. విస్మృతి దాని ఒక లక్షణం మాత్రమే. విఘటనమంటే అనుభవంలో ఒక భాగం తక్కిన వ్యక్తిత్వంతో సంబంధం తెంచుకొని విడిగా నిలవడం. తన యుద్ధకాలపు అనుభవాలతో మయర్స్ 1940లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి సైనికునిలో రెండు వ్యక్తిత్వాలను గుర్తించాడు: పైకి మామూలుగా కనిపించేది ఒకటి, భయానుభవంలోనే చిక్కుకుపోయినది మరొకటి. అవి మారిమారి పైకి వస్తాయి. చికిత్స ఆ రెంటినీ కలపాలి తప్ప ఒకదాన్ని అణచి రెండవదాన్ని నిలబెట్టరాదు.

జ్ఞాపకం పోవడం, ఒక వస్తువు చూపగానే తిరిగి రావడం మన పాఠకులకు కొత్త కాదు. కాళిదాసు నాటకం పేరులోనే అభిజ్ఞానం ఉంది. మన అలంకారశాస్త్రం లెక్కించిన 33 వ్యభిచారి భావాల్లో స్మృతి ఉంది, అపస్మారం ఉంది, ఉన్మాదం ఉంది. విస్మృతికి మాత్రం ప్రత్యేక స్థానం లేదు. నన్నయ ఆదిపర్వంలోని దుష్యంతునికి మరపు లేదు. అతడు తెలిసే కాదంటాడు. మరపును కథలోకి తెచ్చి, దానికి దూర్వాసుని శాపాన్ని హేతువు చేసి, రాజును నిర్దోషిగా నిలిపినవాడు కాళిదాసు. అయినా పంచమాంకం మొదట్లో హంసపదిక పాట విన్న రాజుకు కారణం తెలియని దిగులు కలుగుతుంది. తెలివికి అందని జ్ఞాపకం మనస్సు అడుగున కదలుతోందన్నమాట. అభినవగుప్తుడంతటివాడు ఆ శ్లోకం దగ్గర ఆగి చర్చించాడు. విఘటనాన్ని గురించి ఆధునికులు చెప్పేదానికి ఇది చాలా దగ్గరగా ఉంది: మరచినది నశించలేదు, మాటకు అందడం లేదు, అంతే.

ఈ పోలికలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఉంగరం కాదు, ఉంగరం దొరికిన తరువాత జరిగేది. షష్ఠాంకం దాదాపు అంతా రాజు పశ్చాత్తాపానికే కేటాయించబడింది. వసంతోత్సవం నిషేధించబడుతుంది. రాజు శకుంతల చిత్తరువు గీసుకుంటాడు, దానితో మాట్లాడుతాడు, సంతానం లేదని కుములుతాడు. ఆ తరువాతనే మాతలి వచ్చి ఇంద్రుని పక్షాన యుద్ధానికి పిలుస్తాడు. యుద్ధం ముగించి వచ్చే దారిలో సజీవుడైన కొడుకు కనిపిస్తాడు. జ్ఞాపకానికీ సమాగమానికీ నడుమ కాళిదాసు దుఃఖానికి ఒక అంకమంత చోటు ఇచ్చాడు. వెస్ట్ నవలలో అభిజ్ఞానం చనిపోయిన కొడుకు జెర్సీ. దాన్ని చూసినవాడు చేరేది కొడుకును కాదు, కొడుకు చావును; ఆ వెంటనే ఫ్లాండర్స్‌లోని నీరు నిండిన కందకాన్ని. నడుమ ఏడ్వడానికి ఒక పేజీ కూడా లేదు. దుష్యంతునికి యుద్ధం దుఃఖం నుంచి లేవనెత్తే పిలుపు అయితే, క్రిస్‌కు యుద్ధమే రోగకారణం.

నవల ముగింపు నమ్మశక్యంగా లేదనీ, ఇంత తేలికగా జ్ఞాపకం రాదనీ ఒక ఆక్షేపణ ఉంది. వైద్యదృష్టితో అది సబబే. కానీ వైద్యుని సన్నివేశాన్ని నిదానంగా చదివితే, ఈ లోపం రచయిత్రికి తెలుసుననిపిస్తుంది. వశీకరణ చికిత్స ప్రస్తావన వచ్చినప్పుడు ఆండర్సన్ దాన్ని తోసిపుచ్చుతాడు. ఆ పద్ధతి విఘటిత వ్యక్తిత్వంలోని జ్ఞాపకాన్ని విడుదల చేస్తుంది గాని మెలకువలో ఉన్న మనిషితో దాన్ని జోడించలేదని అతని వాదం. 1918 నాటి నవలలో ఈ పరిభాష ఇంత కచ్చితంగా ఉండడం విశేషం. అదే వైద్యుడు, అదే మధ్యాహ్నం, జెర్సీ చూపడానికి సమ్మతిస్తాడు. జెర్సీ చేసే పనీ విడుదలే, జోడింపు కాదు. తాను ఆక్షేపించిన లోపాన్నే అతడు మరో రూపంలో ఆమోదిస్తున్నాడు. అంతకు ముందు మార్గరెట్, మీ వైద్యం అతన్ని సంతోషపెట్టలేదు, మామూలు మనిషిని మాత్రమే చేయగలదన్న అర్థంలో మాట్లాడుతుంది. ఆండర్సన్ కాదనడు. నవలలో చికిత్సను గురించి ఇంతకంటే సూటిగా మాట్లాడినవారు లేరు. మాట్లాడినది చదువుకున్న వైద్యుడు కాదు, చవకబట్టల ఇల్లాలు.

ఈ చర్చ వెస్ట్ ఊహలో మాత్రమే జరిగినది కాదు. 1920లో విలియం బ్రౌన్, మయర్స్, విలియం మెక్‌డూగల్ ఇదే విషయంపై విభేదించారు. అణగిన ఉద్వేగాన్ని మళ్లీ రగిలించి వెళ్లగక్కించడమే మేలు చేస్తుందని బ్రౌన్ అభిప్రాయం. మేలు చేసేది ఉద్వేగపు వెల్లువ కాదు, తెగిన భాగం తిరిగి కలవడం అని తక్కిన ఇద్దరి పక్షం. తరువాతి కాలంలో మయర్స్ పక్షమే బలపడింది. జూడిత్ హెర్మన్ 1992లో ప్రతిపాదించిన క్రమంలో ముందు భద్రత, తరువాత స్మరణ, శోకం, ఆపైన తిరిగి లోకంతో సంబంధం. 2013 నాటి డీఎస్ఎమ్-5 అయితే ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతలోనే విఘటన లక్షణాలు గలవారిని ఒక ఉపవర్గంగా గుర్తించింది. తాను తనకే పరాయిగా, లోకం అవాస్తవంగా తోచడం ఆ లక్షణాలు. యుద్ధం నుంచి వచ్చినవారి విషయంలో ఈ గుర్తింపుకు ప్రాధాన్యం ఉంది. అదరిపడేవాడు, పీడకలలతో కేకలు వేసేవాడు ఎదుటివారి కంటపడతాడు. మౌనంగా, మర్యాదగా, అక్కడ లేనట్టు మసలేవాడు బాగుపడ్డాడనిపించుకుంటాడు.

క్రిస్‌కు భద్రత అనే తొలి మెట్టు మార్గరెట్ సన్నిధిలో దొరికింది. దాన్ని పునాదిగా చేసుకొని నడిపించడానికి బదులు దాన్నే రోగమన్నారు. ఎందుకు? జెన్నీ చెప్పే కారణం సత్యం. మనిషి సత్యాన్ని ఎరగకుండా బతికితే అతని పౌరుషానికి, గౌరవానికి లోపమని ఆమె తనను తాను ఒప్పించుకుంటుంది. ఈ వాదాన్ని గంభీరంగా తీసుకోవలసిందే, కానీ అంగీకరించలేను. సత్యం తెలియడానికి ఈ క్షణమే ఎందుకు, ఈ వస్తువే ఎందుకు అన్న ప్రశ్నకు జెన్నీ దగ్గర జవాబు లేదు. మార్గరెట్ పిల్లలగదిలో తటపటాయిస్తుంది. అతన్ని అలాగే వదిలేద్దామని ఒక క్షణం అనుకుంటుంది. ఆమె బిడ్డ కూడా చనిపోయినవాడే. ఆ తటపటాయింపులో కనిపించేంత ధర్మవిచారణ జెన్నీ నిశ్చయంలో లేదు.

సైనిక వైద్యానికి మరొక యజమాని ఉన్నాడు. క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రిలో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ కవి సీగ్‌ఫ్రిడ్ ససూన్‌కు చికిత్స చేశాడు. యుద్ధ జ్ఞాపకాలను బలవంతంగా అణచడం కీడు చేస్తుందని వాదించిన దయాళువు రివర్స్. అయినా 1917 చివర్లో ససూన్ ఆ ఆస్పత్రి నుంచి తిరిగి సైనిక విధికే వెళ్లాడు. వైద్యుడు ఎంత మంచివాడైనా ఆరోగ్యం అంటే మళ్లీ సేవకు పనికిరావడం అనే నిర్వచనం మారలేదు. నవల శీర్షికలో ‘రిటర్న్’ అన్న మాట దీన్నే దాచుకుంది. తొలి అధ్యాయాల్లో అది ఇంటికి రావడం; చివర అది రణరంగానికి మరలిపోవడం. తెలుగులో ‘పునరాగమనం’ అన్నా ‘తిరిగిరాక’ అన్నా మొదటి అర్థమే మిగులుతుంది. అనువాదకునికి ఇది చిన్న చిక్కు కాదు.

నవల పొడవునా క్రిస్ అంతరంగంలోకి మనకు ప్రవేశం లేదు. అతని ప్రేమకథ సైతం జెన్నీ మాటల్లోనే వింటాం. రోగి గురించి అందరూ మాట్లాడతారు, రోగి గొంతు మాత్రం మరొకరి గొంతులోంచి వస్తుంది. చివరి దృశ్యాన్ని జెన్నీ కిటికీలోంచి చూస్తుంది. తోటలోంచి వస్తున్న మనిషి మడమ నొక్కి సైనికుని నడక నడుస్తున్నాడు. ఇంటివైపు చూసే చూపులో ప్రేమ లేదు. ఎలా ఉన్నాడని వెనక నుంచి కిట్టీ అడుగుతుంది. పూర్తిగా సైనికుడిలాగే ఉన్నాడని జెన్నీ జవాబు. నయమైపోయిందని కిట్టీ తృప్తిగా గుసగుసలాడుతుంది. మయర్స్ తరువాత వివరించిన ఆ పైకి మామూలుగా కనిపించే వ్యక్తిత్వమే గడ్డి మీదుగా నడిచి వస్తోంది. మంకీ ఐలండ్ యువకుడు ఎక్కడికి పోయాడో కిటికీ దగ్గరున్న ఇద్దరిలో ఒక్కరూ అడగరు.