పోస్టర్ పక్కన నిలబడ్డ పరిశోధన

1983 నవంబర్ 10. లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ భద్రత మీద వారానికోసారి జరిగే సెమినార్. ఆ రోజు వంతు ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధక విద్యార్థిది. ఎనిమిది గంటలు కూర్చుని రాసిన చిన్న ప్రోగ్రామును అతను 'వీడీ' అనే మరో ప్రోగ్రాములో దాచిపెట్టాడు. ఫైళ్ల అమరికను బొమ్మగా చూపించడం వీడీ పని. దాన్ని ఎవరు నడిపితే వాళ్ల ప్రోగ్రాములకు లోపల దాగినది అంటుకుంటుంది. ముందే అనుమతి తీసుకుని అయిదుసార్లు ప్రయోగం చేశాడు. అయిదుసార్లూ గంట తిరక్కుండానే అక్కడి వ్యాక్స్ 11/750 కంప్యూటర్ మీద సర్వాధికారాలూ అతని చేతికొచ్చాయి. ఒకసారైతే అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. దానికి 'వైరస్' అని పేరు పెట్టింది అతని గురువు లెన్ ఏడెల్‌మన్. ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతి పేరులో చివరి అక్షరం ఆయనదే.

ఫలితాలు తెలియగానే యంత్రం బాధ్యత చూసేవాళ్లు, ఇకమీదట తమ దగ్గర ఇలాంటి ప్రయోగాలేవీ వద్దని తలుపు మూసేశారు. కానీ గదిలో కూర్చున్నవాళ్లు చూసింది చూశారు. 1984లో కోహెన్ ఆ పని మీద పత్రం సమర్పించాడు, 1986లో సిద్ధాంత గ్రంథం పూర్తి చేశాడు. కంప్యూటర్ వైరస్ మీద శాస్త్రీయ చర్చకు ఆ రోజు చూపించిన ప్రదర్శనే పునాది.

ఆ ప్రదర్శన జరిగిన అయిదేళ్లకు మరో విద్యార్థి మరో దారి తొక్కాడు. 1988 నవంబర్ 2 రాత్రి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలో చేరిన రాబర్ట్ టాపన్ మోరిస్, తనంతట తానే పాకిపోయే ప్రోగ్రామును ఎంఐటీలోని కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్‌లోకి వదిలాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. లెక్క తప్పి అది ఒకే యంత్రంలోకి పదేపదే దూరడంతో వేల యంత్రాలు మొరాయించాయి. 1990లో కోర్టు అతనికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. మోరిస్ తర్వాత పీహెచ్‌డీ చేసి ఎంఐటీలోనే ప్రొఫెసర్ అయ్యాడు. తెలివిలో ఇద్దరూ ఇద్దరే. ఒకడు అనుమతి అడిగి నలుగురి ముందు చూపించాడు, ఇంకొకడు ఎవరూ చూడని వేళ వదిలేశాడు. ఈ తేడాను సైబర్ భద్రత చదివే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చెప్పాలి.

మోరిస్ వదిలిన ప్రోగ్రామును విప్పి చూసి నివేదిక రాసినవాళ్లలో పర్డ్యూ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జీన్ స్పాఫర్డ్ ఒకరు. పదేళ్ల తర్వాత, 1998లో ఆయన అక్కడే సెరియాస్ అనే భద్రతా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ కేంద్రం జరిపే వార్షిక సదస్సులో పెద్దల ఉపన్యాసాలతో పాటు విద్యార్థుల పోస్టర్లకూ చోటుంటుంది. యూజ్‌నిక్స్ సెక్యూరిటీ వంటి పెద్ద సదస్సుల్లోనూ అంతే. 1983 నాటి సెమినార్ గది ఇప్పుడు పోస్టర్ల హాలు అయింది.

ఆ హాల్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే గానీ అందులోని పనితనం తెలియదు. పోస్టర్‌కు వాడే ఏ-జీరో కాగితం అంటే దాదాపు 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 సెంటీమీటర్ల ఎత్తు. మూడు నాలుగేళ్ల పని అందులో ఇమడాలి. కొత్తగా చేసేవాళ్లు పత్రంలోని పేరాలన్నీ చిన్న అక్షరాలతో అందులో కుక్కేస్తారు. కాఫీ కప్పు పట్టుకుని నడిచే మనిషి రెండడుగుల దూరం నుంచి శీర్షిక చూస్తాడు, ఆ తర్వాత బొమ్మ చూస్తాడు, నచ్చకపోతే పక్క బోర్డుకు పోతాడు. ఆగినవాణ్ణి పట్టుకోవడం విద్యార్థి నోటిలో ఉంది. ఒకే కథను రెండు గంటల్లో పాతికసార్లు చెప్పాలి. ఒకసారి అదే అంశంలో తల పండిన ప్రొఫెసర్ వస్తాడు. వెంటనే ఒక కంపెనీ ఇంజినీరు వచ్చి, దీన్ని అడ్డుకోవడానికి ఎంత ఖర్చవుతుందని అడుగుతాడు. ఆ వెనకే డిగ్రీ మొదటి ఏడాది పిల్ల వచ్చి, అసలు ఈ సమస్య ఎవరికని అడుగుతుంది. ఆ మూడో ప్రశ్నకు తడుముకున్న విద్యార్థికి తన సిద్ధాంత గ్రంథంలో ఏ అధ్యాయం బలహీనమో అక్కడే తెలిసిపోతుంది.

ఇలా కుదించి చెప్పడానికే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో 'త్రీ మినిట్ థీసిస్' పోటీ మొదలుపెట్టింది. కదలని స్లైడు ఒక్కటే, సమయం మూడు నిమిషాలు. 80 వేల మాటల సిద్ధాంత గ్రంథాన్ని చదివి వినిపించాలంటే తొమ్మిది గంటలు పడుతుందని వాళ్ల లెక్క. తొమ్మిది గంటలను మూడు నిమిషాలకు తేవాలంటే ఏది వదలాలో తెలియాలి, అంటే ఏది ముఖ్యమో తెలియాలి. పరిశోధనలో కష్టమైన భాగం అదే.

మంచి ప్రదర్శన ఎలా ఉంటుందో చూపడానికి ఒక్క బొమ్మ చాలు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం ఒక పాత నమ్మకాన్ని పరీక్షించింది. ఆ బృందంలో అలెక్స్ హాల్డర్‌మన్, నాడియా హెనింగర్ వంటి పరిశోధక విద్యార్థులున్నారు. కరెంటు తీసేస్తే కంప్యూటర్ మెమొరీలో ఉన్నదంతా ఆ క్షణమే చెరిగిపోతుందన్నది ఆ నమ్మకం. వాళ్లు మెమొరీలో మోనాలిసా చిత్రాన్ని పెట్టి కరెంటు ఆపారు. 5 సెకన్ల తర్వాత చూస్తే చిత్రం చెక్కుచెదరలేదు. 30 సెకన్లకు, 60 సెకన్లకు కొంచెం కొంచెంగా చెదిరింది. అయిదు నిమిషాలకు గానీ బాగా చెరిగిపోలేదు. ఆ తర్వాత కీబోర్డు దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి చిప్ మీద కొట్టారు. చిప్ మైనస్ 50 డిగ్రీలకు చల్లబడింది. అప్పుడు పది నిమిషాలు కరెంటు లేకున్నా చెడిపోయిన బిట్లు నూటికి ఒకటి కూడా లేవు. అంటే తాళం వేసి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లోంచి, డిస్కును కాపాడే రహస్య సంకేతాన్ని లాగేయవచ్చు. ఆ ఏడాది యూజ్‌నిక్స్ సెక్యూరిటీ సదస్సులో ఉత్తమ విద్యార్థి పత్రం అవార్డు దానికే వచ్చింది. అందులోని గణితం అందరికీ అర్థం కాదు. వరసగా చెదిరిపోతున్న మోనాలిసా ముఖం మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక మన చేతిలోని ఫోను సంగతి. టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ తిని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టేటప్పుడు దాని వెనక ఏ పద్ధతి నడుస్తోందో ఎవరూ ఆలోచించరు. 2016లో వచ్చిన యూపీఐ లోపలి వివరాలు బయటికి ప్రచురించినవి కావు. అప్పట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న రేణుకా కుమార్, తన సహ పరిశోధకులతో కలిసి ఏడు ప్రముఖ యాప్‌లను విప్పి చూసి, ఆ పద్ధతి ఎలా నడుస్తుందో బయటి నుంచే కూడగట్టారు. ఆ యాప్‌లేమో ఎవరూ విప్పకుండా కట్టుదిట్టంగా తయారుచేసినవి. 2020లో యూజ్‌నిక్స్ సెక్యూరిటీలో వచ్చిన ఆ పత్రం చెప్పినది వింటే ఒళ్లు జలదరిస్తుంది. యూపీఐ మొదటి రూపంలో, ఖాతాదారు తనేనని రుజువు చేసుకునే అంచెల్లోనే లోపాలున్నాయి. మోసగాడి యాప్ ఒకటి ఫోనులో చేరితే, ఆ ఫోను సొంతదారు జీవితంలో ఎన్నడూ యూపీఐ వాడకపోయినా సరే, అతని బ్యాంకు ఖాతాను కలిపి ఖాళీ చేసే వీలుంది. పరిశోధకులు ముందుగా సంబంధిత వ్యవస్థలకు తెలియజేశారు. వాళ్లు చూపిన ఒక ముఖ్యమైన దాడి మార్గాన్ని యూపీఐ రెండో రూపంలో మూసేశారు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి పని కోట్లాది మంది జేబుకు కాపలా కాసిందంటే అది అతిశయోక్తి కాదు.

లోపం కనిపెట్టగానే ముందు ఆ వస్తువు సొంతదారుకు చెప్పాలి, సరిచేసుకునే గడువివ్వాలి, ఆ తర్వాతే లోకానికి చూపాలి. ఈ రంగంలో ఇది కట్టుబాటు. 2018 జనవరి 3న బయటపడిన, ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే లోపం గురించి అంతకు నెలల ముందే వాటి కంపెనీలకు తెలుసు. దాన్ని సొంతంగా కనిపెట్టిన బృందాల్లో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి. ఆ బృందంలోని మోరిట్జ్ లిప్, మైకేల్ ష్వార్జ్ అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థులే.

అనుమతి సంగతి మన దగ్గర ఇంకా సున్నితం. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం సొంతదారు అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్తే నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశం తోడైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరి కె. ప్రసాద్, మరికొందరు తెలుగు సహచరులు, మిషిగన్ పరిశోధక విద్యార్థులు కలిసి మన ఓటింగ్ యంత్రాన్ని పరీక్షించి ఒక పత్రం రాశారు. ఎన్నికల సంఘం వాళ్ల నిర్ధారణలను ఒప్పుకోలేదు. పరీక్షించిన యంత్రం ఎక్కడిదన్న కేసులో ఆ ఆగస్టులో మహారాష్ట్ర పోలీసులు ప్రసాద్‌ను అరెస్టు చేశారు, తర్వాత బెయిలు వచ్చింది. ఆ పత్రం అక్టోబర్‌లో షికాగోలో జరిగిన ఒక సదస్సులో చర్చకు వచ్చింది. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. పరీక్షించడానికి యంత్రాన్ని అధికారికంగా ఇచ్చే పద్ధతి ఉండి ఉంటే, ఆ వాదం పోలీస్ స్టేషన్‌కు పోయేది కాదు, సెమినార్ గదిలోనే తేలేది.

గదులు మనకూ ఉన్నాయి. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకింగ్ సాంకేతికత మీద పనిచేసే పరిశోధక విద్యార్థుల కోసం డాక్టోరల్ కలోకియం జరుపుతూ వచ్చింది. సమాచార వ్యవస్థల భద్రత మీద జరిగే ఐసీఐఎస్ఎస్ అంతర్జాతీయ సదస్సు 2008లోనూ 2014లోనూ హైదరాబాద్‌కే వచ్చింది. సంకేత శాస్త్ర సదస్సు ఇండోక్రిప్ట్ 2010లో ఇక్కడే జరిగింది. కొరత చూసేవాళ్లది. పోస్టర్ రాసేది విద్యార్థి, చదివేది గైడు, మార్కులు వేసేది మరో గైడు అయితే అది పరీక్షే అవుతుంది, ప్రదర్శన కాదు.

అందుకే ఈ విన్నపం. విశ్వవిద్యాలయాలు పోస్టర్ల గంటను భోజన విరామంలో ఇరికించకుండా దానికంటూ ఒక పూట కేటాయించాలి. బ్యాంకు బ్రాంచి మేనేజర్లనూ, సైబర్ క్రైమ్ స్టేషన్ ఎస్సైలనూ, జూనియర్ కాలేజీ పిల్లలనూ పిలవాలి. పోస్టర్ పక్కన తెలుగులో ఒక్క పేరా రాసిపెట్టమని విద్యార్థిని అడగాలి. చదివేవారిలో ఎవరికైనా అలాంటి హాల్లోకి అడుగుపెట్టే అవకాశం వస్తే మొహమాటపడకండి. ఏదో ఒక బోర్డు ముందు ఆగి, "దీనివల్ల మా అమ్మ ఫోనుకు ఏం ప్రమాదం, ఏం చేయాలి?" అని అడగండి. జవాబు పూర్తిగా అర్థమయ్యేదాకా అక్కడి నుంచి కదలకండి.