కెమెరా మోసిందెవరు?

ఎవరెస్ట్ చిత్రాలన్నిటిలో చివరి దృశ్యం దాదాపు ఒకటే. శిఖరం మీద ఒక మనిషి, చేతిలో జెండా, కింద మేఘాలు. మరి ఆ దృశ్యం తీసిన కెమెరా అక్కడికి ఎలా చేరింది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని నాకిష్టమైన రెండు డాక్యుమెంటరీలు చూడండి.

మొదటిది 1998లో విడుదలైన ‘ఎవరెస్ట్’. డేవిడ్ బ్రీషియర్స్ బృందం 1996 మే 23న ఐమాక్స్ కెమెరాతో శిఖరం చేరింది. ఐమాక్స్ ఫ్రేము మామూలు 35 మిల్లీమీటర్ల ఫ్రేముకన్నా దాదాపు పది రెట్లు పెద్దది. అందుకే రెండు కిలోలకు పైగా తూగే ఫిల్ము చుట్ట 90 సెకన్లలో అయిపోతుంది. ప్రత్యేకంగా బరువు తగ్గించి చేయించినా కెమెరా సుమారు 19 కిలోలుంది. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడో వంతే. (గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే. తగ్గేది పీడనం. వ్యాఖ్యాతలు తరచు ఇక్కడే పొరబడతారు.) పీడనం తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ చేరడం కష్టమవుతుంది. అలాంటి చోటికి ఆ బరువును చేరవేసింది షెర్పాలు. టెన్సింగ్ నార్గే కుమారుడు జామ్లింగ్ ఈ చిత్రంలో ముఖ్యుడే. మంచు అగాధాల మీద నిచ్చెనలు దాటే దృశ్యాలు చూస్తుంటే మన కాళ్లు వణుకుతాయి. కానీ మోత కథ మాత్రం తెరమీదికి వచ్చింది తక్కువ.

ఆ లోటు తీర్చింది జెనిఫర్ పీడమ్ తీసిన ‘షెర్పా’ (2015). 22వసారి ఎవరెస్ట్ ఎక్కబోతున్న ఫుర్బా తాషీ కథ తీయాలని ఆమె బృందం వెళ్లింది. 2014 ఏప్రిల్ 18 ఉదయం ఖుంబు మంచుపాతం మీద పెద్ద మంచుదిబ్బ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ఇది జలపాతంలా వాలు మీదుగా విరుగుతూ దిగే హిమానీనదం. రోజుకు సుమారు మీటరు కదులుతుంది. గుడారాలు, ఆక్సిజన్ సిలిండర్లు మోసేవారు సీజనులో దీన్ని ఎన్నోసార్లు దాటాలి. ఖాతాదారులు దాటేది కొద్దిసార్లే.

ఇక కెమెరా శిఖరాన్ని వదిలి బేస్ క్యాంపులోని వాదనల వైపు తిరుగుతుంది. షెర్పాలు ఇక ఎక్కబోమంటారు. వారి ‘యజమానుల’తో మాట్లాడలేరా అని ఒక ఖాతాదారు అడుగుతాడు. దర్శకురాలు అక్కడ వ్యాఖ్యానమేమీ జోడించదు. అదే మంచిదైంది. ఆ ఏడాది నేపాల్ వైపు ఆరోహణలు దాదాపు ఆగిపోయాయి. (మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ మే 25న ఎక్కింది టిబెట్ వైపు నుంచి.)

విజ్ఞానశాస్త్రం విద్యార్థిగా నాకొక అసంతృప్తి ఉంది. షెర్పాల శరీరం ఎత్తును ఎలా తట్టుకుంటుందన్న సంగతి మీద ‘షెర్పా’ ఎక్కువసేపు నిలవదు. మనం ఎత్తుకు వెళ్తే హిమోగ్లోబిన్ పెరిగి రక్తం చిక్కబడుతుంది. టిబెట్ వాసుల్లో అది అంతగా పెరగకుండా చూసే జన్యురూపం ఉందని 2010లో తేలింది. షెర్పాల పూర్వీకులూ అక్కడివారే. ఐదు నిమిషాలు ఈ విషయానికి కేటాయిస్తే బాగుండేది.

రెండిటిలో ఒకటే చూసే వీలుంటే ‘షెర్పా’ చూడండి. ‘ఎవరెస్ట్’ అందం ఇంట్లో టీవీ మీద సగం పోతుంది.