తాతమ్మ పేరు అడిగితే

2015 జూలై గోదావరి పుష్కరాలకు కొవ్వూరు గోష్పాద రేవులో పిండప్రదానానికి కూర్చున్నాను. పురోహితుడు గారు గోత్రం అడిగారు, చెప్పాను. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పాను. తర్వాత అమ్మ వరస. అమ్మ పేరు, మామ్మ పేరు గడిచాయి. ముత్తాత భార్య, అంటే మా తాతమ్మ పేరు అడిగేసరికి నోరు పెగల్లేదు. పక్కనే ఉన్న బాబాయి వైపు చూశాను. ఆయనకీ తెలియదు. ఆవిడ పెట్టిన మాగాయ గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వరదొచ్చిన రాత్రి దూడని భుజానికెత్తుకుని గట్టెక్కిందని చెప్పుకుంటారు. పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు రేవు మెట్ల మీద పట్టుకున్న బెంగే నన్ను ఈ వెతుకులాటలోకి దింపింది.

ఆ తర్వాత ఆలోచిస్తే, ఇంటి చరిత్ర రాయదలచిన మనిషికి ఆ తర్పణం తంతును మించిన నమూనా లేదనిపించింది. తండ్రి వైపు మూడు తరాల మగవాళ్ళు, వాళ్ళ భార్యలు. తల్లి పుట్టింటి వైపు మూడు తరాలు, వాళ్ళ భార్యలు. ఆపైన కారుణ్య పితరులు: పెదనాన్నలు, బాబాయిలు, మేనమామలు, మేనత్తలు, తోబుట్టువులు, అత్తమామలు, గురువు, స్నేహితుడు. ప్రతి ఒక్కరికీ పేరు చెప్పాలి, గోత్రం చెప్పాలి. ఆడపడుచుకి మెట్టినింటి గోత్రం వస్తుంది కాబట్టి, ఆవిడ ఏ ఇంటికి వెళ్ళిందో కూడా అందులోనే తేలుతుంది. పన్నెండేళ్ళకోసారి పుష్కరం వచ్చినప్పుడల్లా ఈ జాబితాని దులిపి కొత్త పేర్లు చేర్చాల్సిందే. మా మేనత్త ఆ జాబితాని పాత పంచాంగం అట్ట వెనక రాసి దాచుకుంది. ఈ తంతు లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటారు. అప్పుడు ఇంటి పెద్ద ఒక్కొక్కరి పేరూ తలుస్తాడు. ఆ పక్కన కూర్చుని రాసుకుంటే చాలు.

ఇదే వెతుకులాట ఇంగ్లండులో అయితే ఇంతకంటే సులువు. 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో అక్కడ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు పుస్తకంలో రాయడం మొదలైంది. ఆ దేశపు పడమటి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో ఒక పల్లెటూరి మనిషి తన ముత్తాతల కోసం ముందుగా ఆ ఒక్క పుస్తకాన్నే తెరుస్తాడు. మన గోదావరి డెల్టాలో అలాంటి ఒక్క పుస్తకం లేదు. మన ఇంటి చరిత్ర పురోహితుడి నోట్లో కొంత, కరణం కవిలె కట్టలో కొంత, పిచ్చుకుంట్ల వారి పాటలో కొంత, పాదిరిగారి రిజిస్టరులో కొంత, ఓడ గుమాస్తా చిట్టాలో కొంత పడి ఉంది. వీళ్ళలో ఏ ఒక్కరూ మన కోసం రాయలేదు. శిస్తు కోసం రాసినవారు శిస్తు కట్టేవాడి పేరే రాశారు. కూలీల లెక్క కోసం రాసినవారు కూలీల పేర్లే రాశారు. ఎవరు దేని కోసం రాసుకున్నారో ముందు తెలుసుకుంటే, ఎక్కడ ఎవరి పేరు దొరుకుతుందో, ఎవరి పేరు ఎంత వెతికినా దొరకదో అర్థమవుతుంది.

మొదటి ఆనవాలు ఇంటిపేరు. కార్న్‌వాల్ వాళ్ళ ఇంటిపేర్లు చాలావాటికి ముందు ట్రె, పోల్, పెన్ అని ఉంటుంది. వాళ్ళ పాత భాషలో ట్రె అంటే నివాసం, పోల్ అంటే మడుగు, పెన్ అంటే కొస. నేల పేరే మనిషి పేరయింది. మనదీ అదే దారి. మండపాక, ఖండవల్లి, ముక్కామల, ర్యాలి, ఇవన్నీ గోదావరి ఊళ్ళూ, ఇంటిపేర్లూ కూడా. ఇందులో తిరకాసు ఏమిటంటే, ఊళ్ళో ఉన్నంతకాలం ఊరిపేరు ఇంటిపేరుగా పెద్దగా పనికిరాదు. అక్కడ అందరిదీ ఆ ఊరే. వలస పోయిన చోటే ఆ పేరుతో పిలుస్తారు. కందుకూరి వీరేశలింగం గారు 1848లో రాజమండ్రిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం ఆయన పూర్వులు వదిలి వచ్చిన కందుకూరుది. కాబట్టి ఇంటిపేరులో ఊరు కనపడితే అది మనవాళ్ళు విడిచిపెట్టిన ఊరు అనుకోవాలి. ఒకే పేరుతో రెండేసి ఊళ్ళుండటం ఇంకో చిక్కు. పెరవలి దగ్గర ఒక ముక్కామల ఉంది, కోనసీమలో అంబాజీపేట దగ్గర ఇంకో ముక్కామల ఉంది. మధ్యలో గోదావరి. ఏ ముక్కామలో తేల్చుకోకుండా వంశవృక్షం గీస్తే పక్కింటి చెట్టుకి మన కొమ్మ అంటుకట్టినట్టే.

గోత్రాన్ని మాత్రం అతిగా నమ్మకూడదు. భారద్వాజ గోత్రం అన్నంత మాత్రాన ముత్తాత ఎవరో తెలియదు. గోత్రం పెళ్ళి సంబంధం కుదుర్చుకోవడానికి పుట్టిన లెక్క. దత్తత వెళ్ళిన పిల్లాడికి గోత్రమూ, ఇంటిపేరూ రెండూ మారిపోతాయి. మూడో తరం వచ్చేసరికి దత్తత సంగతి ఇంట్లోనే మరుగున పడుతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడి ఇంట్లో పొలం అమ్మ వైపు నుంచి వచ్చి ఉంటుంది, పేరు నాన్న వైపుది. పేరూ పొలమూ ఒకదానికొకటి పొసగకపోతే ముందు దత్తతనీ, ఇల్లరికాన్నీ అనుమానించాలి.

చదువు రాని ఇళ్ళ వంశచరిత్రను నోటితో మోసినవాళ్ళు ఆశ్రిత కులాలవాళ్ళు. రెడ్లు, కమ్మలు, కాపుల ఇళ్ళకు పిచ్చుకుంట్ల వారు, గొల్లలకు మందెచ్చుల వారు, పద్మశాలీలకు సాధనాశూరులు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం. పంటలు కల్లానికి వచ్చే రోజుల్లో వచ్చి, ఇంటిపేర్లూ గోత్రాలూ తాతముత్తాతల పేర్లూ ఏకరువు పెట్టి, కొత్తగా పుట్టినవాళ్ళని కథలో కలుపుకుని, గింజలు పుచ్చుకుని వెళ్ళేవారు. పిచ్చుకుంట్ల వారిని ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజ్ అంటున్నారు. చేసిన పనికి తగిన గౌరవం ఆ పేరులో ఉంది. వాళ్ళు చెప్పే కథలో మొదటి భాగం పురాణం, వీరగాథ. చివరి మూడు నాలుగు తరాలు మాత్రం జాగ్రత్తగా వినాల్సినవి. తాత పేరు తప్పు చెప్తే ఆ ఇంట్లో గింజలు పుట్టవు కదా! ఆ జ్ఞాపకశక్తిని మనం అడుక్కునేవాళ్ళ పాటగా తీసిపారేశాం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు దొరికితే మాట్లాడించి, ఫోనులోనైనా రికార్డు చేసుకుని, వాళ్ళ శ్రమకి తగ్గట్టు ముట్టజెప్పాలి.

కాగితాల విషయానికి వస్తే, ఊళ్ళో కరణమే పెద్ద ఖజానా. మొదట తాటాకుల మీద, తర్వాత కాగితాల మీద భూమి లెక్క రాసినవాళ్ళు వాళ్ళు. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. లెక్కలు రెవెన్యూ ఆఫీసులకు చేరాయి. అడంగల్, సెటిల్మెంటు రిజిస్టర్లు చూస్తే ఏ సర్వే నెంబరు ఎవరి పేరున ఉండేదో తెలుస్తుంది. ఈనాం భూమి ఉన్న ఇళ్ళవాళ్ళు ఇంకా అదృష్టవంతులు. 1850ల చివర మొదలైన ఈనాం కమిషన్ ప్రతి ఈనాం భూమికీ విచారణ జరిపి, మొదట ఎవరికి ఇచ్చారు, ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత అని గడులు గీసి రాసింది. బ్రాహ్మణ అగ్రహారాలే కాదు, మంగలి, చాకలి, వెట్టి, గుడి మేళం, ఇలా ఊరికి సేవ చేసి ఈనాం అనుభవించినవాళ్ళ పేర్లూ అందులో ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ ఆఫీసు నకళ్ళు నాకు మరీ ఇష్టం. పాత దస్తావేజులో చాలామంది అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చూసి మడిచేస్తారు. చదవాల్సింది హద్దులు. తూర్పు హద్దు ఫలానా వారి పొలం, పడమర పంట బోదె, ఉత్తరం మా అన్నగారి వాటా అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యంలో అన్నదమ్ముల పంపకం ఎప్పటికి అయిపోయిందో బయటపడుతుంది. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజు దొరికితే కళ్ళకద్దుకోవాలి. ఆడదాని పేరు, తండ్రి పేరు, భర్త పేరు, రెండూళ్ళ పేర్లు ఒక్కచోట ఉండే కాగితం అంతకంటే వేరొకటి అరుదు.

కాగితం కోసం వెళ్ళేముందు ఊరు ఆ రోజుల్లో ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. తణుకు, భీమవరం తాలూకాలు మొదట గోదావరి జిల్లాలో ఉండేవి. 1904లో కృష్ణా జిల్లాకి వెళ్ళాయి. 1925లో పశ్చిమ గోదావరి అయ్యాయి. 2022లో మళ్ళీ జిల్లాలు చీలాయి. ఊరు కదల్లేదు, దాని కాగితాలు మాత్రం చెల్లాచెదురయ్యాయి.

భూమి లేనివాళ్ళ సంగతి? మాల, మాదిగ పేటల్లో తరతరాలుగా పొలం దున్నినవాళ్ళ పేరు అడంగల్‌లో కనపడటం అరుదు. ఆ ఇళ్ళకి తరచుగా మొదటి ఆధారం క్రైస్తవ సంఘాల పుస్తకం. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం, బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో సహా బయల్దేరి వచ్చి నరసాపురం వైపు సువార్త పని మొదలుపెట్టారు. 1845లో రాజమండ్రిలో జర్మన్ లూథరన్ మిషనరీ వాలెట్ మిషన్ ప్రారంభించాడు. ఊరి లెక్కలో ఒక 'మనిషి'గా మాత్రమే ఉన్నవాడికి పేరూ, తండ్రి పేరూ, భార్య పేరూ రాసి పెట్టినవి ఈ సంఘాల పుస్తకాలే. చాలా ఇళ్ళలో బాప్తిస్మంతో పేరు మారింది. పాత పేరు, కొత్త పేరు రెండూ పట్టుకుంటే తప్ప ఆ ముందు తరానికి దారి దొరకదు.

డెల్టాలోనే చర్చి పుస్తకాలకి దీటైన రికార్డు ఇంకొకటుంది. అది యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊళ్ళో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఫ్రెంచి పద్ధతిలో రిజిస్టరు చేశారు. వాటి పాత ప్రతులు ఫ్రాన్సులోని వలస రాజ్యాల ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ఫ్రెంచి వినికిడికి తగ్గట్టు రాసిన తెలుగు పేర్లు పైకి చదువుకుంటే గానీ బోధపడవు. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్యవివాహాలు చేయదలచినవాళ్ళు ఆ చట్టం చెల్లని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చారు. మీ అమ్మమ్మ పెళ్ళి యానాంలో జరిగిందని విని, మనకి అక్కడ చుట్టాలెవరున్నారని ఆశ్చర్యపోయి ఉంటే, కారణం బహుశా ఇదే.

డెల్టా దాటి వెళ్ళినవాళ్ళ మనవలు ఇప్పుడు ఎదురు దిశలో వెతుకుతున్నారు. కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళని బర్మాలోనూ, మారిషస్‌లోనూ కోరంగీలనే పిలిచారు. ఒక రేవు పేరు మొత్తం జాతి పేరైంది. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ ఒప్పంద కూలీల రికార్డులను భద్రపరిచింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా వెళ్ళిన ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాశారు. ఊరి పేర్లు తెలుగు తెలియని గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడ్డాయి. వాటిని సరిగ్గా చదవగలిగేది ఈ గడ్డ మీద పెరిగినవాళ్ళే. డర్బన్ నుంచి ఎవరైనా వచ్చి ఒక వంకర పేరు చూపించి అడిగితే, మన ఊళ్ళ పేర్లన్నీ నాలుక మీద తిప్పి చూడటం మన బాధ్యత అనుకుంటాను.

తేదీలు కుదర్చడం ఒక విద్య. మన పెద్దలు తేదీ చెప్పరు, ఏడు చెప్తారు: ఆనకట్ట కట్టినప్పుడు, బర్మా నుంచి నడిచొచ్చిన ఏడు, యాభైమూడు వరదకి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, బర్మా నుంచి మనవాళ్ళు నడిచొచ్చింది 1942లో, అని పక్కన రాసుకుంటే సరిపోతుంది. సంవత్సరం పేరు చెప్పినప్పుడే జాగ్రత్త కావాలి. ధాత అంటే 1876-77, పెద్ద కరువు. 1936 కూడా ధాతే. కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన 1996 నవంబరు తుఫాను కూడా ధాతలోనే వచ్చింది. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి ఇంకో ఆనవాలు తోడు లేకుండా అది నిలబడదు. బడి రిజిస్టరులో జూలై 1 పుట్టినరోజు కనపడితే నమ్మకండి. పిల్లాడిని బళ్ళో వేసిన రోజుని బట్టి మాస్టారు వేసిన అంచనా అది.

పేర్లు కూడా తిరిగొస్తాయి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు. ఇద్దరు వెంకట్రాముల్ని ఒకరే అనుకుంటే నలభై ఏళ్ళు గల్లంతవుతాయి. పెంటయ్య, పుల్లయ్య లాంటి పేరుంటే, ఆ ఇంట్లో అంతకుముందు పిల్లలు పుట్టి పోయారని తెలుసుకోవాలి. దిష్టి తగలకుండా, మృత్యువు కన్ను పడకుండా పెట్టిన పేరు అది. ఏ రిజిస్టరుకీ ఎక్కని ఆ పసివాళ్ళకి బతికిన అన్నదమ్ముడి పేరే జ్ఞాపకచిహ్నం.

మా తాతమ్మ పేరు ఇన్ని చోట్లా వెతికాను. అడంగల్‌లో ముత్తాత ఉన్నాడు, ఆవిడ లేదు. దస్తావేజుల్లో ఆవిడ కొడుకులు ఉన్నారు, ఆవిడ లేదు. ఆవిడ పుట్టింటి ఊరు మాత్రం ఆవిడ పిల్లల్లో ఒకరి పెళ్ళి చదివింపుల పుస్తకంలో దొరికింది. 'మేనమామ గారు' అని రాసి, పక్కన ఇంటిపేరు, ఊరి పేరు, పదహారు రూపాయలు అని ఉంది. చదివింపుల పుస్తకాల్ని అప్పుల లెక్కలా పారేస్తున్నారు, అలా చెయ్యకండి. ఎవరికి ఎవరు ఏమవుతారో అంత నికార్సుగా రాసిన పుస్తకం ఇంట్లో మరొకటి ఉండదు.

చివరికి మేనత్త ఒక మాట అంది. "కాగితాలేం చూస్తావురా, అటక మీద సామాన్లు చూడు."

సారె సామాన్ల మీద పేరు చెక్కించే అలవాటు నాకు తెలియనిది కాదు. బిందెలు, గంగాళాలు, కంచు మరచెంబులు, అన్నిటి మీదా చెక్కి ఉంటుంది. పెద్దపెద్ద పెళ్ళిళ్ళకి ఇంటింటి నుంచీ పాత్రలు ఎరువు తెచ్చుకునే రోజుల్లో, ఎవరిది ఎవరికి తిరిగి చేరాలో తెలియడానికి అది అవసరం కూడా. పొలం మగవాడిది, పాత్ర ఆడదానిది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి కాబట్టి పేరు ఆవిడదే పడింది. ఇది నాకు అటకెక్కేదాకా తట్టలేదు. మూడు తరాల పేర్లు మా అటక మీద బోర్లించి ఉన్నాయి.

చింతపండు వేసి తోమితే ఒక గంగాళం అంచు మీద అక్షరాలు తేలాయి. పొడి అక్షరాల ఇంటిపేరు, తర్వాత ఆవిడ పేరు, పక్కన సంవత్సరం పేరు. ఆ ఇంటిపేరు ముత్తాతది కాదు, పుట్టింటివాళ్ళది. చదివింపుల పుస్తకంలో ఉన్న మేనమామ గారి ఇంటిపేరూ అదే. మేనత్త వేళ్ళతో ఆ అక్షరాలు తడిమి, పేరు రెండుసార్లు పైకి చదివింది. తర్వాత లోపలికి వెళ్ళి పంచాంగం తెచ్చి, అట్ట వెనక ఖాళీగా వదిలిన చోట రాసింది.

2027లో మళ్ళీ పుష్కరాలు.